కళ్ళు లేని ట్రైలోబైట్: తల ఏది, తోక ఏది?

శిలాప్రియ, తార్నాక:
మా బావగారు అమెరికా నుంచి వస్తూ యూటాలోని వీలర్ షేల్ రాయి ముక్క తెచ్చారు. అందులో పెసరగింజ కంటే కాస్త పెద్ద ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన, పెంకున్న సముద్రజీవి) శిలాజం ఉంది. చీటీ మీద పెరోనాప్సిస్ ఇంటర్‌స్ట్రిక్టా అని రాసుంది. రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. కళ్ళను బట్టి పోల్చుకుందామంటే అవీ లేవు. అరిగిపోయాయంటారా?

గుట్టమీదరాయి:
అరగలేదండీ, ఆ జీవికి కళ్ళే లేవు. ఇవి ఆగ్నోస్టిడ్లు. తల డాలు, తోక డాలు దాదాపు ఒకే సైజు, నడుమ రెండే ఖండాలు. తల మధ్యలోని ఉబ్బును గ్లాబెల్లా అంటారు. దాన్ని అడ్డంగా ఒక గాడి రెండుగా విడదీస్తుంది. ఉబ్బు వెనక మొదట్లో అటొకటి ఇటొకటి బుల్లి త్రికోణపు బుడిపెలుంటాయి. నేను ముందు వెతికేది వాటినే. తోక వైపు ఉబ్బు ఇంకా వెడల్పుగా ఉంటుంది, దాని మీద మొటిమంత బుడిపె కనిపిస్తుంది. ఈ జాతిని ఇప్పుడు కొందరు ఇటాగ్నోస్టస్ అంటున్నారు, చీటీ మాత్రం పారేయకండి.

మల్కాజిగిరి_అమ్మాయి:
దయచేసి ఏదీ పూయకండి. ఇత్తడి సామాన్లు తోమినట్టే నా ట్రైలోబైట్‌ని చింతపండు పులుసుతో రుద్దాను. పెంకు కాల్సైట్ (సున్నపు ఖనిజం) కదా, పులుపుకి కరిగింది. గాళ్ళన్నీ చెదిరి నున్నగా అయిపోయింది. రెండేళ్ళయినా ఆ బాధ పోలేదు.

గుట్టమీదరాయి:
అయ్యో! అదే పులుపు స్వీడన్‌లో మేలు చేసింది చూడండి. అక్కడి ఆగ్నోస్టస్ పిసిఫార్మిస్ పిల్లజీవుల ఒంటికి ఫాస్ఫేట్ పట్టింది. వాటి చుట్టూ ఉన్న సున్నపురాయిని వెనిగర్‌లో ఉండే ఆమ్లంతోనే కరిగిస్తే ఫాస్ఫేట్ మిగిలింది. స్పర్శాంగాలు, కాళ్ళు, వాటి మీది నూగు వెంట్రుకలతో సహా బయటపడ్డాయి. ముల్లర్, వాలోసెక్ అనే శాస్త్రవేత్తలు 1987లో వాటిని వర్ణించారు. పిసిఫార్మిస్ అంటే బఠాణీ ఆకారం. కళ్ళు లేకపోయినా ఎంత నిండైన శరీరమో! ఈ ఆగ్నోస్టిడ్లు అసలు ట్రైలోబైట్లేనా అన్న వాదన చాలాకాలం నడిచింది. కెనడాలోని బర్జెస్ షేల్ రాళ్ళలో దొరికిన శిలాజాల మీద 2019లో వచ్చిన పరిశోధన వీటిని ట్రైలోబైట్ల దగ్గరి చుట్టాలుగానే చూపింది.

రాళ్ళబాబు, ఉప్పల్:
మన ఊళ్ళో ఇలాంటివి దొరుకుతాయా అన్నా? ఆదివారాలు గుట్టలెక్కి వెతుకుతున్నా.

గుట్టమీదరాయి:
దొరకవు తమ్ముడూ. మనది గ్రానైట్, సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. ఈ జీవులు 50 కోట్ల ఏళ్ళ నాటివి. పైగా కరిగిన శిల చల్లారి గట్టిపడితే అందులో శిలాజం ఎక్కడుంటుంది? హిమాలయాల్లోని స్పితి, కశ్మీర్ వైపు కేంబ్రియన్ (ఈ జీవులు బతికిన కాలం) రాళ్ళలో ట్రైలోబైట్లు దొరుకుతాయి.

శిలాప్రియ, తార్నాక:
రాత్రి లైట్లన్నీ ఆపేసి, సెల్‌ఫోన్ టార్చ్ రాయి పక్కన పడుకోబెట్టి, బంగారం పనివాళ్ళ పదింతల లెన్స్‌తో చూశాను. పైనుంచి కొట్టే వెలుగులో చదునుగా ఉన్నది, పక్కనుంచి వెలుగు పడగానే లేచి నిలబడింది. ఆ రెండు త్రికోణాలూ కనిపించాయండీ, ఆవగింజలో పావు వంతు ఉంటాయేమో. మా పాప కూడా చూసింది. తల వైపు చీటీ మీద బాణం గుర్తు వేసి పెట్టాం.