“బ్యాండ్‌విడ్త్ ఉందా?” అంటే ఏంటండీ?

కొత్తపిచ్చుక: మా టీం లీడ్ రోజూ “నీకు బ్యాండ్‌విడ్త్ ఉందా?” అంటాడు. ఖాళీగా ఉన్నావా అంటే నోరు పడిపోతుందా? గ్యాస్‌లైటింగ్, టాక్సిక్, సినర్జీ... వీటిని ఎక్కడ, ఎలా వాడాలో కాస్త చెప్పండి.

పాతకాపు: ముందు “లేదండీ” అనడం నేర్చుకో. “ఉంది” అన్న పాపానికి నాకు మూడు శనివారాలు పోయాయి.

రేడియోమావ: బ్యాండ్‌విడ్త్ అంటే రెండు ఫ్రీక్వెన్సీల మధ్య వెడల్పు. కొలత హెర్ట్జ్. అది మనుషులకు ఉండదు.

నెట్‌వర్కుబాబు: సెకనుకు ఎన్ని బిట్లు పోతాయన్నదే బ్యాండ్‌విడ్త్, మావా. హెర్ట్జ్ మీ కాలం మాట.

రేడియోమావ: బిట్ల లెక్కను డేటా రేటు అంటారు. అమెరికా గణిత శాస్త్రవేత్త షానన్ 1948లోనే సూత్రం రాశాడు. వెడల్పెంత, రొద కన్నా సిగ్నల్ ఎన్ని రెట్లు అన్నవి తెలిస్తే, గరిష్ఠంగా ఎన్ని బిట్లు పంపగలమో తేలుతుంది. రెండూ ఒకటే అయితే ఆ సూత్రమెందుకు? ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను.

నెట్‌వర్కుబాబు: మీరు రిటైరయ్యారని మాట కూడా రిటైరవ్వాలా?

కొత్తపిచ్చుక: అయ్యా, గ్యాస్‌లైటింగ్...

సగంచదువు: ప్యాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన ‘గ్యాస్ లైట్’ నాటకం నుంచి వచ్చింది. భార్యకు మతి చలించిందని ఆమె చేతే నమ్మించే భర్త కథ. ఇప్పుడు మా చెల్లి, నేను ఫోన్ చేయడం మర్చిపోయినా గ్యాస్‌లైటింగే అంటోంది.

నిద్రలేనిది: “నాకు కొంచెం ఓసీడీ, పుస్తకాలు వరుసగా లేకపోతే నచ్చదు” అనేవాళ్ల సంగతేంటి? నాకు నిజంగానే ఉంది, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే ఆ మానసిక వ్యాధి. తాళం వేశానని తెలుసు, అయినా వెనక్కి వెళ్లాలి. పదిసార్లు. పరీక్ష టైం దాటిపోతున్నా సరే. గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చిన రోజులున్నాయి. అది శుభ్రత సరదా కాదు.

పాతకాపు: సారీ అమ్మా. నేనూ అన్నాను అలా, చాలాసార్లు.

రేడియోమావ: చూశావా బాబూ? మాటను ఇష్టమొచ్చినట్టు వాడితే ఇదీ ఫలితం.

నెట్‌వర్కుబాబు: ఆవిడ బాధని మీ హెర్ట్జ్‌కి సాక్ష్యం చేసుకోకండి.

రేడియోమావ: నువ్వు మరీ టాక్సిక్‌గా మాట్లాడుతున్నావు.

నెట్‌వర్కుబాబు: టాక్సిక్ అంటే విషం కదా. దాని కొలతేంటి మావా?

పాతకాపు: 😂

కొత్తపిచ్చుక: ఇప్పుడే లీడ్ మళ్లీ అడిగాడు. “సున్నా హెర్ట్జ్” అన్నాను. నవ్వేసి ఫైల్ పంపాడు. శనివారానికి కావాలట. ఇంతకీ సినర్జీ అంటే?