స్ప్రింగ్ బూట్ యాప్‌లో తెలుగు మెసేజీలు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి, సాయం చేయండి

మారతహళ్ళి నుంచి:
అందరికీ నమస్తే. ఇక్కడ బెంగళూరులోని పీజీ హాస్టళ్ళ కోసం స్ప్రింగ్ బూట్‌తో (జావాలో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) చిన్న వెబ్ యాప్ చేస్తున్నాం. అద్దె గుర్తు చేయడం, రసీదులు, నీళ్ళు రాలేదనే కంప్లైంట్లు, అంతే. ఉండేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది కాబట్టి ఇంగ్లీషుతో పాటు తెలుగు మెసేజ్ ఫైల్ (యాప్‌లో కనిపించే మాటలుండే ఫైల్) పెట్టాను. పేజీ తెరిస్తే తెలుగు బదులు నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తు, మధ్యమధ్య ప్లస్-మైనస్ గుర్తు వస్తున్నాయి. అప్లికేషన్ ప్రాపర్టీస్‌లో (యాప్ సెట్టింగుల ఫైల్‌లో) మెసేజెస్ ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని రాసినా మార్పు లేదు. జావా 17. జావా 9 నుంచి ఈ గొడవ లేదంటారు కదా? సోమవారం డెమో, టెన్షన్‌గా ఉంది.

బీటీఎం లేఅవుట్ నుంచి:
పేజీ హెడ్‌లో మెటా చార్‌సెట్ (ఏ ఎన్‌కోడింగో బ్రౌజర్‌కు చెప్పే లైన్) పెట్టావా తమ్ముడూ? మొదట అది చూడు.

మారతహళ్ళి నుంచి:
ఉందన్నా. టెంప్లేట్‌లో నేరుగా టైప్ చేసిన తెలుగు హెడింగ్ చక్కగా కనిపిస్తోంది. మెసేజ్ ఫైల్ నుంచి వచ్చేదే పాడవుతోంది.

వైట్‌ఫీల్డ్ నుంచి:
అయితే బ్రౌజర్ తప్పేం లేదండి, ఫైల్ చదివే చోటే తేడా. మీరు చెప్పిన గుర్తులే ఆ సంగతి చెబుతున్నాయి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తైనా ఒక్కొక్కటి 3 బైట్లు. హెక్స్ లెక్కలో మొదటిది ఎప్పుడూ ఈ0 (E0), రెండోది బీ0 గానీ బీ1 గానీ అవుతుంది. ఆ బైట్లనే లాటిన్-1 (ఒక్కో బైట్‌ను ఒక్కో అక్షరంగా చదివే పాత ఎన్‌కోడింగ్) అనుకుని చదివితే ఈ0 గీత ఉన్న ‘ఏ’ అవుతుంది, బీ0 డిగ్రీ గుర్తు, బీ1 ప్లస్-మైనస్. అంటే ఫైల్‌లో తెలుగు క్షేమంగానే ఉంది.

అదే వరసగా ప్రశ్నార్థకాలు వచ్చి ఉంటే కథ వేరు. రాసేటప్పుడో సేవ్ చేసేటప్పుడో అక్షరాలు పోయినట్టు, ఫైల్‌లోనే ప్రశ్నార్థకాలుగా సేవ్ అయి ఉంటే వాటిని వెనక్కి తేలేం. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదని.

ఇంతకీ మెసేజ్ సోర్స్ బీన్ (మెసేజ్ ఫైళ్ళు చదివి పెట్టే స్ప్రింగ్ ఆబ్జెక్ట్) మీరే ఎక్కడైనా రాశారా?

మారతహళ్ళి నుంచి:
అవునండి, కాన్ఫిగ్ క్లాసులో ఉంది. పాత ప్రాజెక్టు నుంచి తెచ్చాం. రిసోర్స్ బండిల్ మెసేజ్ సోర్స్, బేస్‌నేమ్ (భాష పేరు లేకుండా ఫైల్ పేరు) ఒక్కటే ఇచ్చాం.

వైట్‌ఫీల్డ్ నుంచి:
దొరికింది. మీ సొంత బీన్ ఉంటే బూట్ తనది తయారు చేయదు, కాబట్టి ప్రాపర్టీస్‌లో ఎన్‌కోడింగ్ గురించి మీరు రాసిన లైన్‌ను పట్టించుకునేవాడే లేడు. జావా 9లో మారింది జావా సొంత రిసోర్స్ బండిల్ చదివే తీరు. స్ప్రింగ్ క్లాసు మాత్రం ఇప్పటికీ ఐఎస్ఓ-8859-1 (అంటే లాటిన్-1) తోనే మొదలవుతుంది. ఆ బీన్‌లో సెట్ డీఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒక్క లైన్ చేర్చండి. లేదంటే బీన్‌నే తీసేయండి, నేనైతే అదే చేస్తాను. తీసేస్తే మాత్రం భాష పేరు లేని ఉత్త మెసేజెస్ డాట్ ప్రాపర్టీస్ ఫైల్ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే బూట్ మెసేజ్ సోర్స్‌ను సిద్ధం చేయదు, ఆ తర్వాత అన్నీ ‘దొరకలేదు’ అనే వస్తాయి. కీలన్నిటికీ (మెసేజ్‌ల పేర్లకు) ఆ ఫైల్‌లో ఇంగ్లీషు పాఠం ఉంచండి. తెలుగులో ఏదైనా మర్చిపోయినా ఇంగ్లీషు కనిపిస్తుంది. లేదంటే థైమ్‌లీఫ్ (పేజీ టెంప్లేట్లు నడిపేది) అటూ ఇటూ రెండేసి ప్రశ్నార్థకాలు పెట్టి కీ పేరును అద్దెదారుకు చూపిస్తుంది.

సిస్టమ్ లొకేల్‌కు (మెషిన్‌లో పెట్టిన భాష, ప్రాంతం సెట్టింగ్‌కు) వెళ్ళే ఫాల్‌బ్యాక్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే, అడిగిన భాషకు ఫైల్ లేనప్పుడు ముందు మెషిన్ లొకేల్ ఫైల్ వెతుకుతుంది. ల్యాప్‌టాప్‌లో ఒకటి, సర్వర్‌లో ఇంకొకటి వచ్చి బుర్ర పాడవుతుంది.

మారతహళ్ళి నుంచి:
బీన్ తీసేశాను, తెలుగు వచ్చేసింది! చాలా థాంక్స్ అండి. ఇంకొక్కటి: ‘తెలుగు’ లింక్ నొక్కితే ఎర్రర్ పేజీ వస్తోంది. లింక్ నొక్కితే భాష మార్చే లొకేల్ చేంజ్ ఇంటర్‌సెప్టర్ పెట్టాను.

బీటీఎం లేఅవుట్ నుంచి:
ఇది నాకు తెలుసు. డీఫాల్ట్ రిజాల్వర్ (ఏ భాష చూపాలో తేల్చేది) బ్రౌజర్ పంపే యాక్సెప్ట్ లాంగ్వేజ్ హెడర్‌నే చదువుతుంది, దాన్ని మార్చమంటే ఎక్సెప్షన్ వేస్తుంది. ఎంచుకున్న భాషను బ్రౌజర్ కుకీలో దాచే కుకీ లొకేల్ రిజాల్వర్ పెట్టు. సెషన్‌ది పెడితే సెషన్ పోయిన ప్రతిసారీ భాష మళ్ళీ ఎంచుకోవాలి. ఇక్కడ ఎక్కువమంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, హెడర్‌ను నమ్ముకుంటే మన తెలుగు ఎవరికీ కనిపించదు.

మారతహళ్ళి నుంచి:
పనిచేసింది అన్నా. కానీ అడ్వాన్స్ 1,50,000 అని రావాల్సింది 150,000 అని వస్తోంది. రసీదు నంబర్ 10457లో కూడా కామా పడుతోంది.

వైట్‌ఫీల్డ్ నుంచి:
మెసేజ్ ఫార్మాట్‌కు (మెసేజ్‌లో విలువలు నింపే జావా క్లాసుకు) అంకె ఇస్తే దాన్ని లెక్కగా భావించి కామాలు వేస్తుంది. రసీదు నంబర్‌ను స్ట్రింగ్‌గా మార్చి పంపండి, కామా పోతుంది. లక్షల సంగతికొస్తే, జావా సొంత ఫార్మాటర్‌కు ఒకే సైజు గుంపులు తెలుసు, మన మూడు-రెండు-రెండు లెక్క రాదు. ఐసీయూ4జే అనే యూనికోడ్ లైబ్రరీకి ఆ లెక్క వస్తుంది. మొత్తాన్ని దాంతో తెలుగు లొకేల్‌లో ఫార్మాట్ చేసి, వచ్చిన స్ట్రింగ్‌ను మెసేజ్‌కు ఇవ్వండి. ఇంకో మాట, పేరు వచ్చే చోటుకు ‘కి’, ‘ని’ అతికించకండి, కొన్ని పేర్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘అద్దెదారు:’ అని రాసి పక్కన పేరు పెడితే సరిపోతుంది.