ఒకటి నుంచి ఐదో తరగతి వరకు వాట్సాప్ హోంవర్క్: ఉంచాలా, తీసేయాలా?

తీరం_టీచర్ (గంజాం జిల్లా)

మాది గోపాల్‌పూర్ వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఒడియా మీడియం ప్రాథమిక పాఠశాల. ఎక్కువమంది వేటకు వెళ్లే కుటుంబాల పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఒడిశా ప్రభుత్వం ‘శిక్షా సంజోగ్’ పేరుతో వాట్సాప్ ద్వారా పాఠాలు పంపించింది. అప్పట్లో పెట్టిన గ్రూపులు బడులు తెరిచాక కూడా పోలేదు. ఇప్పుడు వాటిలో మేం పెట్టేది హోంవర్క్ ఫొటో, ఇళ్ల నుంచి వచ్చేది రాసిన నోట్‌బుక్ ఫొటో, మధ్యలో గుడ్ మార్నింగ్ పూలు. వచ్చే మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో గ్రూపు ఉంచాలా వద్దా తేల్చాలి.

నా మాట: గ్రూపు ఉంచాలి, ఫొటోలు పూర్తిగా మానేయాలి. రోజుకు ఒకే వాయిస్ మెసేజ్, నిమిషం లోపు, తెలుగులో. అందులో ఒకే పని. ఆ పని ఫోన్ పక్కన పెట్టి చేసేదై ఉండాలి. రెండో తరగతి పిల్ల ఇంట్లో అడగాలి: ఇవాళ వండిన చేప కిలో ఎంత? మరి అరకిలో ఎంత? నోటి లెక్కే, నోట్‌బుక్ తీయక్కర్లేదు. మూడో తరగతి వాళ్లు ఒడియా వాచకంలో నాలుగు లైన్లు పైకి చదవాలి, పెద్దవాళ్లు మైకు నొక్కి నాకు పంపాలి. చదివింది తప్పో ఒప్పో వాళ్లు చెప్పక్కర్లేదు, అది నా పని. రోజుకు ఐదుగురి వంతు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మర బోట్లకు వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, నాన్నలు వలలు బాగుచేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. బడికీ అప్పుడే ఎండాకాలం సెలవులు. ఈ రెండు నెలలు వదులుకోవడం నాకిష్టం లేదు. కాదనేవాళ్లు కారణం రాయండి.

బరంపురం_నాన్న

టీచర్ గారూ, కాదనేవాళ్లలో నేనొకణ్ని. వాయిస్ మెసేజ్ నిమిషమే, నిజమే. ఆ నిమిషం కోసం ఫోన్ పిల్లాడి చేతికి వెళ్తుంది, తిరిగి రావడానికి గంట పడుతుంది. ఆ గంటలో రీల్స్, గేములు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక ఫోన్. హోంవర్క్ పేరుతో మొదలయ్యే కొట్లాటకు తీర్పు చెప్పలేక చస్తున్నాం.

2020 జులైలో కేంద్రం ‘ప్రజ్ఞాత’ అని ఆన్‌లైన్ చదువుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది వరకు రోజుకు రెండు క్లాసులు మించొద్దు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే అంది. అది బడే లేని రోజుల మాట. ఇప్పుడు బడి ఉంది, టీచర్ ఎదురుగా ఉన్నారు, నల్లబల్ల ఉంది. చెప్పాల్సింది అక్కడే చెప్పండి. సెలవుల్లో పిల్లల్ని ఆడుకోనివ్వండి.

రాయగడ_మాస్టారు

బరంపురం బాబుకి పట్నంలో ఇల్లుంది, బడి నాలుగు వీధుల అవతల ఉంది. మా వైపు సంగతి వేరు. దసరా వెళ్లాక కొన్ని కుటుంబాలు ఇటుక బట్టీలకు ఆంధ్ర, తెలంగాణ వైపు వెళ్లిపోతాయి. పిల్లలూ వెంట వెళ్తారు. రిజిస్టర్లో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. ఆ ఆరేడు నెలలు ఆ పిల్లకి మాకూ మధ్య ఉన్నది ఆ ఫోన్ నంబరొక్కటే. దాన్ని తీసేద్దాం అంటే నేను ఒప్పుకోను.

అలాగని ఫోన్‌తో అందరికీ చదువు అందుతుందని కూడా అనను. పల్లెటూళ్ల పిల్లల చదువుపై ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే ప్రకారం దేశంలో పల్లెటూళ్ల బడిపిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020కి 61.8 శాతం. అదే 2020 సర్వేలో, ఆ వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠం అందిన పిల్లలు మాత్రం మూడో వంతుకు కాస్త ఎక్కువ. అంటే ఫోన్ ఇంటికి వచ్చింది, పాఠం రాలేదు. మా కొండ గ్రామాల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. కాబట్టి టీచరమ్మా, మీ వాయిస్ పని ఏదైనా, ఫోన్ లేని పిల్ల మర్నాడు బడిలో చేయగలిగేదిగా ఉండాలి. లేకపోతే అది ఉన్నవాళ్లకే ట్యూషన్.

తీరం_టీచర్

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. బడి రోజుల్లో అదే పని సాయంత్రం గంట కొట్టే ముందు క్లాసులో కూడా చెబుతాను. వాయిస్ మెసేజ్ పెద్దవాళ్ల కోసం, వాళ్లకు ఇవాళ్టి పని తెలియడానికి. సెలవుల్లో ఫోన్ లేని ఇళ్లకు పక్కింటి వాళ్లు వినిపిస్తారు, ఒకే వాడ కదా. మీ కొండ ఊళ్లకు ఇది కుదరదని తెలుసు.

సిరోంచ_సార్ (గడ్చిరోలి జిల్లా)

మాది మహారాష్ట్ర. గోదావరి దాటితే కాళేశ్వరం, తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. భాష మారింది కానీ కథ ఒకటే.

నోట్‌బుక్ ఫొటో గురించి నా లెక్క చెబుతాను. దాన్ని మొదట కోరింది మేమే, పైవాళ్లకు చూపించడానికి. కొన్నాళ్లకు ఒక నాలుగో తరగతి పిల్లాడి రాత ముత్యాల్లా మారిపోయింది. బడిలో రాయమంటే పాత రాతే. అడిగితే రాసేది అక్క. పాపం ఎనిమిదో తరగతి చదువుతున్న అక్క, వంట చేసి, తమ్ముడి హోంవర్క్ రాసి, ఫొటో తీసి, పంపి, ఆ తర్వాత తన పుస్తకం తీస్తోంది. గ్రూపులో మాత్రం అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

అందుకే టీచరమ్మ చెప్పింది నాకు నచ్చింది. గొంతు అయితే అక్క దొంగిలించలేదు. వాచకం చదివేటప్పుడు పిల్లాడు ఒత్తుల దగ్గర ఆగుతున్నాడా, లైను దాటేస్తున్నాడా అన్నీ వినిపిస్తాయి. క్లాసులో నలభై మంది గోలలో నేనది పట్టుకోలేను.

రెండు_టీచర్ల_బడి

అందరూ పిల్లల గురించి, తల్లిదండ్రుల గురించే మాట్లాడుతున్నారు. టీచర్ ఎప్పుడు అన్నం తినాలో కూడా ఎవరైనా చెప్పండి. మా బడిలో ఇద్దరమే, ఐదు తరగతులు. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, శిక్షణలు ఇప్పటికే ఫోన్‌లోనే. నా సొంత నంబరు గ్రూపులో ఉంది కాబట్టి రాత్రి పదిన్నరకు "మేడమ్, రేపు బడి ఉందా?" అని కాల్. ఆదివారం ఉదయం కూడా అదే. ఒకాయన తాగి ఫోన్ చేసి కొడుకు మార్కులు ఎందుకు తగ్గాయని అరగంట వాదించాడు. నంబరు మార్చుకుందామంటే బ్యాంకు, ఆధార్ అన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి.

రోజుకు ఐదు వాయిస్‌లు వినడం చిన్న పనిలా కనిపిస్తుంది. విన్నాక జవాబు ఇవ్వకపోతే తల్లులు రెండోసారి పంపరు. ఇస్తే అది ఇంకో పని. ఈ పనికి జీతంలో గంట ఎక్కడుంది?

తీరం_టీచర్

గ్రూపులో అడ్మిన్ మాత్రమే రాసేలా సెట్టింగ్ పెట్టండి. వాయిస్‌లు ఒకటిన్నర స్పీడులో వినొచ్చు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకానే చూస్తానని మొదటి రోజే చెప్పేయండి.

రెండు_టీచర్ల_బడి

అమ్మా, అడ్మిన్ మాత్రమే రాస్తే మిగతావన్నీ నా పర్సనల్‌కి వస్తాయి. గ్రూపులో ఒకరు అడిగితే పదిమంది చూసి ఊరుకుంటారు. పర్సనల్‌లో పదిమందీ విడివిడిగా అడుగుతారు. ఇక ఏడు గంటల తర్వాత ఎత్తకపోతే పొగరు అంటారు. మీ ఓపికకు దండం, కానీ దీన్ని అన్ని బళ్లకూ రూలు చేయొద్దు. ఇష్టమున్న టీచర్ చేస్తే నాకు అభ్యంతరం లేదు. ఒక బడి చేస్తోందని సీఆర్సీసీ (మా చుట్టుపక్కల బళ్లను చూసే క్లస్టర్ అధికారి) రేపు మమ్మల్ని అడుగుతారు, అదీ నా భయం.

పర్లాకిమిడి_అక్క

నాకు అసలు గొడవ తెలుగులో చెప్పడం దగ్గర. ఈ పిల్లలకు ఒడియా వినిపించేది బడిలో మాత్రమే. ఇంటికి వెళ్లే ఒక్క మెసేజ్ కూడా తెలుగులో పెడితే ఒడియా ఇంకా తగ్గుతుంది. ఆరో తరగతిలో హైస్కూలుకు వెళ్లాక వాళ్ల పక్కన కూర్చునేది ఒడియా ఇళ్ల పిల్లలు. అప్పుడు వెనకబడేది ఎవరు? మా చెల్లెలి కూతురు అలాగే సైన్సు వదిలేసింది. తెలుగు మీద ప్రేమ నాకూ ఉంది, ఆ ప్రేమకు ఖరీదు పిల్లలు కట్టకూడదు.

రిటైర్డ్_మాస్టారు (పర్లాకిమిడి)

అక్కగారూ, మన ఊళ్లోనే ఉద్యోగం చేసిన గిడుగు రామమూర్తి గారు గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. ఒడిశా ప్రభుత్వం కూడా సవర, కువి, కోయ లాంటి భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి దాకా, వీలైనచోట, ఇంటి భాషలో బోధించమంది. టీచరమ్మ తప్పేం చేస్తోంది?

పర్లాకిమిడి_అక్క

గిడుగు గారి పేరెత్తితే మేం నోరు మూసుకోవాలన్నమాట! మాస్టారూ, ఆయన బడీ సవరలోనే, పుస్తకమూ సవరలోనే పెట్టారు. ఇక్కడ పుస్తకం ఒడియా, పరీక్ష ఒడియా, తెలుగు ఒక్క ఫోన్‌లోనే. ప్రభుత్వం తెలుగు మీడియం టీచర్లను వేస్తే నేనే వచ్చి దండ వేస్తాను. అది లేకుండా ఇంటి భాష అని సగం పని చేస్తే సగం చదువే వస్తుంది.

తీరం_టీచర్

అక్కా, వాచకం చదివేది ఒడియాలోనే. లెక్కలో వచ్చే మాటలు కూడా బడిలో ఒడియాలోనే చెబుతాను. తెలుగు వాడేది ఇంట్లో పెద్దవాళ్లకు పని ఏమిటో చెప్పడానికి. ఒడియాలో పెట్టినప్పుడు ఏమైందంటే, మెసేజ్ విని ‘ఇది చదువుకున్నోళ్ల సంగతి’ అని ఫోన్ పిల్లకే ఇచ్చేసేవారు. మళ్లీ బరంపురం నాన్నగారు చెప్పిన రీల్స్ దగ్గరికే వచ్చింది. తెలుగులో పెట్టాక పిల్లను పిలిచి అడుగుతున్నారు. ఐదో తరగతికి వచ్చేసరికి మెసేజ్ ఒడియాలోకి మార్చాలా అన్నది మాత్రం మీరు చెప్పాక ఆలోచిస్తున్నాను.

సూరత్_నుంచి

నేను గంజాం వాణ్ని, సూరత్‌లో పవర్‌లూమ్‌లో పని. పన్నెండు గంటల షిఫ్టు. స్మార్ట్‌ఫోన్ నా దగ్గర, ఇంట్లో మా ఆవిడ దగ్గర బటన్ ఫోన్. కాబట్టి బడి గ్రూపులో ఉన్నది నేనే. మా వాడి హోంవర్క్ నాకు సూరత్‌లో వస్తుంది. షిఫ్టు దిగాక ఫోన్ చేసి వాడికి చెబుతాను, వాడు చదువుతాడు, నేను వింటాను. దీన్ని ఎలా పంపాలో టీచర్ గారు చెప్పండి. కాల్‌లో చదివింది వాయిస్‌గా పంపడం నాకు రాదు. గ్రూపు తీసేయొద్దు.

ఒక_అమ్మ

మా ఆడపడుచు కొడుకు టైప్ చేస్తున్నాడు. నేను కమిటీలో మెంబరుని. నాకు చదువు రాదు. గ్రూపులో అందరి పిల్లల ఫొటోలు పెట్టి మా పాపది లేకపోతే ఊళ్లో అడిగేవారు, ‘మీ పాప రాయలేదా’ అని. నేను ఆ గ్రూపు తెరవడమే మానేశాను. వాయిస్ అయితే వింటాను. కానీ పాప తప్పు చదివింది కూడా అందరికీ వినపడేలా పెట్టొద్దు. టీచరమ్మకు విడిగానే పంపుతాను.

బరంపురం_నాన్న

ఈ చివరి రెండు పోస్టులు చదివాక గ్రూపు తీసేయమని గట్టిగా అనలేను. కానీ ఒక ప్రశ్న మిగిలింది. జూన్ 15న బోట్లు మళ్లీ సముద్రంలోకి వెళ్తాయి. నాన్నలు తెల్లారకముందే వేటకు, అమ్మలు చేపల బుట్టలతో బజారుకు. అప్పుడు మీ వాయిస్ ఎవరు వింటారు? అప్పుడు మళ్లీ ఫోన్ పిల్లాడి చేతికే వస్తుంది కదా. కాబట్టి నా సూచన: నిషేధం రెండు నెలలకే పెట్టండి, జూన్ 14న ఆపేయండి. ఏడాదంతా అన్నారంటే నా ఓటు వద్దనే.

తీరం_టీచర్

జూన్ తర్వాత సంగతికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా వాడలో నాయనమ్మలు ఇంట్లో ఉంటారు, వాళ్లకు కథలు వస్తాయి, వాయిస్ నొక్కడం రాదు. వారానికి రెండు రోజులకు తగ్గించి చూద్దామనుకుంటున్నాను. మీ సూచన కమిటీలో అలాగే చెబుతాను, రెండు నెలలకు ముందు ఒప్పుకుని తర్వాత మళ్లీ కూర్చోవాలని. ఇంకో విషయం, నోట్‌బుక్ ఫొటోలు ఆపడానికి పైవాళ్ల అనుమతి కావాలా? మా దగ్గర నెలాఖరుకి ఫొటోలు అడుగుతారు.

రాయగడ_మాస్టారు

రాతపూర్వకంగా ఎవరూ అడగరమ్మా, నోటితో అడుగుతారు. కమిటీ తీర్మానం రిజిస్టర్లో రాయించి సంతకాలు తీసుకోండి, అడిగినవాళ్లకు దాని కాపీ ఇవ్వండి. సూరత్ తమ్ముడికి: కాల్ వద్దు బాబూ, మీ ఆవిడ ఫోన్ నుంచి పంపడం కుదరదు కాబట్టి పక్కింట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లని వారానికి ఒకసారి అడగమనండి. అదీ కుదరకపోతే బడి తెరిచాక టీచరమ్మ క్లాసులోనే వింటుంది, వంతు పోదు.