తెల్ల కార్డు ఉన్నా ముంబయి సేవా సంస్థలు వెనక్కి పంపుతున్నాయి, దారి చెప్పగలరు

ధర్మాబాద్ మిర్చి

సభ్యులందరికీ నమస్కారం. మూడు రోజులుగా ముంబయిలో తిరుగుతున్నాను. ఈ రోజు ఉదయం ఏడు గంటలకు బయలుదేరి, చీకటి పడేలోగా మూడు సేవా సంస్థల మెట్లు ఎక్కి దిగాను. ఒక్క చోటా పని కాలేదు. మా మేనమామకు గొంతు క్యాన్సరు. వైద్యం పరేల్‌లో మొదలైంది, మందులకూ ఉండడానికి గదికీ సాయం కావాలి. ఒక సంస్థలో రెండున్నర గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. దరఖాస్తులో రేషను కార్డు రంగు రాయమన్న గడిలో నేను తెల్లది అని రాశాను. అది చూసిన వెంటనే అక్కడి ఆవిడ, తెల్ల కార్డువాళ్ళు తమ పరిధిలోకి రారని చెప్పి ఫైలు మూసి చేతిలో పెట్టారు. తెల్ల కార్డు ఉన్నవాడే బీదవాడు కాకపోతే మరి బీదవాడు ఎవరు? పెద్ద నగరంలో సేవ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళు ఇలా మాట్లాడతారని నేను అనుకోలేదు. బీదవాళ్ళకు నిజంగా సాయం చేసే సంస్థ ఏదైనా ఉంటే చెప్పండి. కాగితాలు అన్నీ ఉన్నాయి.

బల్లార్షా లోకో

కార్డు ఏ రాష్ట్రానిది? ఆసుపత్రి ఏది?

నాందేడ్ వకీలు

మిత్రమా, మీరు సంస్థల చుట్టూ తిరగడం కంటే చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవడం మంచిది. మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం 1950లో 41ఏఏ అనే సెక్షను ఉంది. దాని ప్రకారం, బొంబాయి హైకోర్టు ఆమోదంతో 2006లో అమలులోకి వచ్చిన పథకం కింద, ట్రస్టుగా నమోదైన ప్రతి పెద్ద ఆసుపత్రి తన పడకలలో 10 శాతం నిరుపేదలకు ఉచితంగానూ, మరో 10 శాతం ఆర్థికంగా బలహీనంగా ఉన్నవారికి రాయితీ మీదనూ కేటాయించి తీరాలి. అందుకోసం రోగుల నుంచి వచ్చే మొత్తం బిల్లులలో 2 శాతం ఒక ప్రత్యేక నిధిలో జమ చేయాలి. ఏడాది ఆదాయం 1,80,000 రూపాయలలోపు ఉంటే మొదటి తరగతి, 3,60,000 లోపు ఉంటే రెండో తరగతి. అది దయ కాదు, ఆ ఆసుపత్రులు ట్రస్టు పేరుతో పొందుతున్న మినహాయింపులకు బదులు. ఇవ్వకపోతే ట్రస్టులను చూసే ధర్మాదాయ ఆయుక్తుని కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. మనవాళ్ళకు ఈ సంగతి తెలియకే ఆ పడకలు ఖాళీగా మిగిలిపోతున్నాయని నేను ఎన్నో చోట్ల మొత్తుకుంటున్నాను.

ధర్మాబాద్ మిర్చి

వకీలు గారూ, ధన్యవాదాలు. ఆసుపత్రి అందరికీ తెలిసినదే, టాటా. 41ఏఏ కింద అక్కడే పడక అడగవచ్చా?

బల్లార్షా లోకో

అడగకూడదు. టాటా ఆసుపత్రిని ట్రస్టు కట్టించిన మాట నిజమే, అది 1941లో. 1962 నుంచి అది అణుశక్తి శాఖ కింద ఉంది. ధర్మాదాయ ఆయుక్తుని పథకం దానికి వర్తించదు. కార్డు ఏ రాష్ట్రానిదో మీరు ఇంకా చెప్పలేదు.

నిర్మల్ బడిపంతులు

ఇక్కడ ఒక మాట సరిచేయాలి. ధర్మాదాయ ఆయుక్తుడు అనేది మరాఠీలో వాడే మాట, దాన్ని అలాగే తెలుగులో రాస్తే మనవాళ్ళు పొరపడతారు. మనకు ధర్మాదాయం అనగానే దేవాదాయ ధర్మాదాయ శాఖ, గుడి హుండీ, 1987 నాటి చట్టం గుర్తుకు వస్తాయి. బాసర అమ్మవారి గుడిని చూసుకునే శాఖకూ ముంబయిలో ఆసుపత్రి పడకకూ సంబంధం ఏమిటని అడిగేవాళ్ళు ఉంటారు. ప్రజా ట్రస్టుల కమిషనరు అని రాస్తే సరిపోతుంది కదా.

నాందేడ్ వకీలు

పంతులు గారూ, ముంబయిలో మీరు ప్రజా ట్రస్టుల కమిషనరు అని అడిగితే ఎవరికీ తెలియదు. బోర్డు మీద ఉన్న మాటే రాయాలి. మహారాష్ట్రలో ఆ కార్యాలయం అన్ని మతాల ట్రస్టులనూ, బడులనూ, ఆసుపత్రులనూ చూస్తుంది, ఒక్క గుళ్ళనే కాదు. ఇంకా చెప్పాలంటే పొరపాటు తెచ్చేది మన ధర్మాసుపత్రి అనే మాట. ఊళ్ళో పెద్దవాళ్ళు సర్కారు దవాఖానాను ధర్మాసుపత్రి అంటారు, అక్కడ అందరికీ ఉచితం. ముంబయిలో చారిటబుల్ ఆసుపత్రి అంటే అద్దాల తలుపులూ చల్లని గదులూ ఉన్న ప్రైవేటు ఆసుపత్రి. వందలో పది పడకలు బీదవాళ్ళకని అక్కడి కాపలావాడికి కూడా తెలియకపోవచ్చు. మాట ఒకటే అనుకుని లోపలికి వెళ్ళినవాడు బిల్లు చూసి బెదిరిపోతాడు.

వర్లీ పాత చాల్

నా వయసు డెబ్బై దాటింది, ఒక మాట చెప్పనివ్వండి. ఈ నగరంలో మనవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు కారు. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఇళ్ళు కట్టే పనిలో రాళ్ళూ మట్టీ మోసిన కామాటీల పేరు మీదనే కామాఠీపురా వెలిసింది. మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి మిల్లులో మగ్గం పని చేశాడు. పద్మశాలీలు ఎందరో అలాగే వచ్చారు. అప్పట్లో కొత్తగా దిగిన మనిషికి మిల్లు కూలీలు ఉండే చాల్ గదిలో చాప వేసి, పని దొరికేదాకా అన్నం పెట్టినవాళ్ళు ఉండేవారు, వాళ్ళ దగ్గర రిజిస్ట్రేషను కాగితం లేదు. ఇప్పుడు కుల సంఘాలు ఉన్నాయి, భాషా సంఘాలు ఉన్నాయి, వాటికి హాళ్ళు కూడా ఉన్నాయి. నేను సభ్యుడిగా ఉన్న ఒక సంఘంలో శాలువలకు అయ్యే ఖర్చు చూసి నేనే సిగ్గుపడ్డాను. అయినా, బాబూ, నువ్వు ముందు తెలుగు సంఘం తలుపు తట్టు. డబ్బు కోసం కాదు. నీ పక్కన నిలబడి మరాఠీలోనూ హిందీలోనూ మాట్లాడి పెట్టే ఒక మనిషి కోసం, అవసరమైతే రక్తం ఇచ్చే నలుగురు కుర్రవాళ్ళ కోసం. రసీదు ఇచ్చే సంస్థ దగ్గర ఈ రెండూ దొరకవు.

ధర్మాబాద్ మిర్చి

పెద్దలు చెప్పినది బాగుంది, కానీ నాకు మరాఠీ వచ్చు, నేను మరాఠీ బడిలోనే చదివాను. నాకు కావలసింది మందుల డబ్బు, గది. తెల్ల కార్డు ఎందుకు చెల్లదో ఎవరూ చెప్పడం లేదు.

దాదర్‌లో నాలుగు నెలలు

అన్నా, మా అమ్మకు వైద్యం చేయించినప్పుడు నేను సిరోంచ నుంచి వెళ్ళి నాలుగు నెలలు దాదర్‌లో ఒక ధర్మశాలలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. మీరు సంస్థల దగ్గరికి నేరుగా వెళ్ళడమే మొదటి పొరపాటు. ఆసుపత్రిలోనే మెడికల్ సోషల్ వర్కర్ల విభాగం ఉంటుంది. అక్కడ మీ సంగతి రాయించుకుని, వాళ్ళు ఇచ్చే చీటీ పట్టుకుని వెళ్ళినప్పుడే బయటి ధర్మశాలలూ ట్రస్టులూ మాట వింటాయి. సంత్ గాడ్గే మహరాజ్ పేరున దాదర్‌లో ఉన్న ధర్మశాల లాంటి చోట్ల రోజూ వచ్చే జనం ఎక్కువ, చీటీ లేకుండా వచ్చినవాళ్ళను నమ్మడం వాళ్ళకూ కష్టమే. గది దొరికినా కొన్ని రోజులకే ఇస్తారు, గడువు తీరే ముందు డాక్టరు రాసిన తరువాతి తేదీ చూపించి పొడిగించుకోవాలి. మేము ఉన్న చోట రోగితో ఒక్కరినే ఉండనిచ్చారు. మా పిన్ని కూడా వస్తానంటే ఆమెను వేరే చోట ఉంచవలసి వచ్చింది.

రెండో సంగతి. మామయ్య గారి ఫైలు ఆసుపత్రిలో తక్కువ ఖర్చుతో చూసే జనరల్ విభాగంలో రాయించారా, ఎక్కువ ఖర్చయ్యే ప్రైవేటు విభాగంలోనా? నేను వెళ్ళిన రెండు ట్రస్టులూ ముందుగా ఆ ప్రశ్నే అడిగాయి. ప్రైవేటు ఫైలు ఉంటే, ఆ ఖర్చు భరించగలిగినవాళ్ళని అనుకుంటారు.

మూడోది, రైలు. క్యాన్సరు రోగికి స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. మేము మొదటి రెండు ప్రయాణాలు పూర్తి డబ్బు పెట్టి చేశాము, ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర, ఫలానా ట్రస్టులో మా మనిషి ఉన్నాడు అంటూ ఫారానికి ఐదు వందలు అడిగేవాళ్ళు తిరుగుతుంటారు. మేము ఒకసారి ఇచ్చి మోసపోయాము. మంచి సంస్థ ఏదీ ఫారానికి డబ్బు తీసుకోదు.

ధర్మాబాద్ మిర్చి

అక్కా, ఫైలు ప్రైవేటులో ఉంది. జనరల్ వరస పెద్దగా ఉందని మా తమ్ముడు తొందరపడి అలా రాయించాడు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని మాకు తెలియదు.

దాదర్‌లో నాలుగు నెలలు

రేపు ఉదయమే సోషల్ వర్కరును కలిసి ఫైలు మార్పించే దరఖాస్తు ఎలా పెట్టాలో అడగండి. అది తేలకుండా ఏ సంస్థకూ వెళ్ళకండి.

బల్లార్షా లోకో

మూడోసారి అడుగుతున్నాను. కార్డు ఏ రాష్ట్రానిది?

ధర్మాబాద్ మిర్చి

కార్డు మామయ్యదే. ఆయనది తెలంగాణలోని బాసర. మహారాష్ట్రలో ఉన్న మా ఊరికీ బాసరకూ మధ్య ఎంత దూరం ఉందని, పొలిమేరకు అటు వాళ్ళు ఇటు వాళ్ళు అందరూ ఒకటే కదా. అందుకే చెప్పలేదు.

బల్లార్షా లోకో

అదే మీ ప్రశ్నకు జవాబు. మహారాష్ట్రలో 1999 మే 1 నుంచి మూడు రంగుల కార్డులు నడుస్తున్నాయి. పసుపు కార్డు ఏడాదికి 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి, కేసరి కార్డు లక్ష లోపు ఉన్నవారికి, తెల్ల కార్డు లక్ష దాటినవారికి. కారు ఉన్నవాళ్ళకూ తెల్లదే ఇస్తారు. మీరు గడిలో తెల్లది అని రాయగానే, ఉన్నవాడు వచ్చి బీదవాడినని చెబుతున్నాడని ఆవిడ అనుకుంది. ఆవిడ తప్పు లేదు.

నిర్మల్ బడిపంతులు

తెలంగాణలో, ఆంధ్రలో దానికి పూర్తిగా తిరగబడిన లెక్క. మా దగ్గర తెల్ల కార్డు అంటే బియ్యం కార్డు, గులాబీ కార్డు డబ్బున్నవాళ్ళది. నిజానికి తెలంగాణలో ఇప్పుడు దాని పేరు ఆహార భద్రత కార్డు, కానీ జనం నోట తెల్ల కార్డు అన్న మాట పోలేదు. కాబట్టి బీదవాడు తెల్ల కార్డు అనడంలోనూ తప్పు లేదు.

బల్లార్షా లోకో

తప్పు ఎవరిదన్నది పక్కన పెట్టండి. ఫారంలో రంగు రాయకండి. ఆహార భద్రత కార్డు, తెలంగాణ, నిర్మల్ జిల్లా అని రాయండి. దానితో పాటు ముధోల్ వైపు మీసేవాలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం జతచేయండి. అంకెకు రంగు ఉండదు.

నాందేడ్ వకీలు

ఇంకో సంగతి. మహారాష్ట్ర సర్కారు వైద్య పథకం ఫూలే జన ఆరోగ్య యోజన కోసం ప్రయత్నించకండి, ఆయన తెలంగాణ నివాసి కనుక అది దొరకదు. దొరికేవాళ్ళకు మాత్రం ఇప్పుడు కార్డు రంగుతో పని లేదు, మహారాష్ట్ర కుటుంబాలన్నిటికీ 5 లక్షల వరకు ఇస్తున్నారు. 2012లో ఆ పథకం వేరే పేరుతో మొదలైనప్పుడు మొదటి ఎనిమిది జిల్లాలలో మన నాందేడ్, గడ్చిరోలి కూడా ఉన్నాయి. మామయ్య గారికి ఆయుష్మాన్ కార్డు ఉంటే అది రాష్ట్రం దాటినా చెల్లుతుంది, ఆసుపత్రి కౌంటరులో ఆ మాట అడగండి. ఇక ధర్మాదాయ అనే మాట విషయానికి వస్తే, మన పాత శాసనాలలోనే ధర్మం అనే మాటను దానం అనే అర్థంలో వాడారు కాబట్టి…

నిర్మల్ బడిపంతులు

శాసనాల కాలంలో ఆసుపత్రికి కమిషనరు లేడు, వకీలు గారూ.

వర్లీ పాత చాల్

మీరిద్దరూ మాటల కోసం కొట్టుకుంటున్నారు, అక్కడ మనిషి గది లేక తిరుగుతున్నాడు. బాబూ, ఈ రాత్రి ఎక్కడ ఉన్నావు?

*(ఐదు రోజుల తరువాత)*

ధర్మాబాద్ మిర్చి

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఫైలు మార్పించే దరఖాస్తు పెట్టాము, ఇంకా తేలలేదు. సోషల్ వర్కరు చీటీ ఇచ్చారు, దానితో పది రోజులకు గది దొరికింది. మందుల సంగతి ఆదాయ ధ్రువపత్రం వచ్చాక చూడాలి, మా బావమరిది ఊళ్ళో ప్రయత్నిస్తున్నాడు. అందరికీ ధన్యవాదాలు. ఫోనులో ఛార్జింగు తక్కువగా ఉంది.

జివతి గుట్ట

నమస్కారం. పాత చర్చే అయినా అడుగుతున్నాను. మాది చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా, రెండు రాష్ట్రాలూ తమవే అంటున్న 14 గ్రామాలలో ఒకటి. మా ఇంట్లో అటు కార్డూ ఉంది, ఇటు కార్డూ ఉంది. మా వదినను కూడా ముంబయికి తీసుకువెళ్ళాలి. సంస్థ వాళ్ళు అడిగితే ఏ కార్డు చూపించాలి?

నాందేడ్ వకీలు

ఇది పెద్ద ప్రశ్న. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి.

బల్లార్షా లోకో

మొదలుపెట్టేటప్పుడు ఆసుపత్రి పేరు రాయండి.