పని నేర్చుకునే కుర్రాడి చేతికి ముందు పానా ఇవ్వాలా, టార్క్ రెంచ్ ఇవ్వాలా?

రేణిగుంట అన్న: మా తమ్ముడు తిరుపతిలో ఒక షెడ్డులో పనికి చేరాడు. మేస్త్రి చెయ్యి తిరిగిన మనిషే గానీ టార్క్ రెంచ్ (మనం పెట్టిన తిప్పుడు బలం, అంటే టార్క్, రాగానే క్లిక్‌మనే పానా) ముట్టనివ్వడు. బిగువు చేతికి తెలియాలి అంటాడు. వీడేమో ఐటీఐ పుస్తకం పట్టుకుని వాదిస్తున్నాడు. ఎవరి మాట వినమంటారు?

పీలేరు పానా: మేస్త్రి మాటే. 10 నంబరు పానా పొట్టిగా, 19 నంబరు పొడుగ్గా ఊరికే చేయలేదు సామీ. చిన్న బోల్టుకు ఆ పొట్టి పానా బలం చాలు. దానికి పైపు తొడిగి లాగితే బోల్టు మర (చుట్టు గాడి) పోదా మరి? మా దగ్గర ముందు వేళ్లతో బోల్టు ఎక్కించడమే నేర్పిస్తాం. మూడు నాలుగు చుట్లు వేళ్లతో తిరగలేదంటే మర అడ్డంగా పడిందని అర్థం. తీసి మళ్లీ పెట్టాలి. ఇది ఏ రెంచ్ చెబుతుంది?

కొండ ట్యాక్సీ: చేతి లెక్కతో ఇంజిన్ హెడ్డు (సిలిండర్ల మీది మూత) బిగించిన బండి నాది. కొన్నాళ్లకే హెడ్డు కింద కారకుండా వేసే గ్యాస్కెట్ దగ్గర కూలెంట్ కారింది. ఇప్పటికీ అలిపిరి దాటితే నా కళ్లు టెంపరేచర్ ముల్లు మీదే. ఆ టెన్షన్ మీకేం తెలుసు?

పీలేరు పానా: హెడ్డు వంగిందేమో స్కేలు పెట్టి చూశారా? వంగిన హెడ్డుకు ఎంత టార్క్ పెట్టినా ఆగదు.

చిత్తూరు ఐటీఐ: ఇద్దరూ ఒకటి వదిలేశారు. రెంచ్ చూపేది తిప్పడానికి పట్టిన బలమే, బోల్టు ఎంత గట్టిగా పట్టుకుందో కాదు. ఆ బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, 40 శాతం దాకా మరల్లో పోతుంది. అసలు బిగుతుకు దక్కేది 10 శాతం చిల్లర! తుప్పు మర మీద రెంచ్ క్లిక్‌మన్నా బోల్టు వదులుగానే ఉండొచ్చు. అదే టార్క్‌కు నూనె రాసిన బోల్టు అతిగా సాగుతుంది. అందుకే ముందు వైరు బ్రష్షు, తర్వాతే రెంచ్. నూనె రాయాలా వద్దా అన్నది మాన్యువల్ చూసి చేయాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిస్తే బ్లాకే పగలొచ్చు.

ఇక హెడ్డు బోల్టులు నడుమ నుంచి అంచులకు, విడతలుగా బిగించాలి. చాలా కొత్త ఇంజిన్లలో ముందు కొంత టార్క్, ఆపైన ఇంకో 90 డిగ్రీలు తిప్పమని కోణం ఇస్తారు. అలా సాగే బోల్టులు చాలావరకు ఒక్కసారికే. ఇక్కడ చేతి అంచనా పనికిరాదు.

మదనపల్లె బుల్లెట్: మా వీధి షెడ్డులో టార్క్ రెంచ్ ఉందండోయ్. టైరు నట్లు ఊడదీయడానికి వాడతారు.

చిత్తూరు ఐటీఐ: రామరామ! దాంతో ఊడదీయకూడదు. పని అయ్యాక స్ప్రింగు కనిష్ఠానికి తిప్పి పెట్టాలి. క్లిక్ వినగానే ఆపాలి, నమ్మకం కోసం ఇంకోసారి లాగకూడదు.

పీలేరు పానా: సరే, హెడ్డుకూ కనెక్టింగ్ రాడ్డుకూ రెంచ్ వాడనీ. సైడు కవరు 10 నంబరు బోల్టుకు కూడా తెస్తే మాత్రం మా షెడ్డు గడప తొక్కనివ్వను.

మదనపల్లె బుల్లెట్: 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగాల్సిన బోల్టులవి. అన్నా, అల్యూమినియంలో మర పోయి హెలీకాయిల్‌కు (పోయిన మర బదులు వేసే తీగచుట్టకు) వచ్చేవి ఎక్కువగా అవే కదా?