తల్లి లేని మూడు కుక్కపిల్లలు, వయసు మూడు వారాలు: పాలు ఎంత, ఎలా పట్టాలి?

గుమ్మంముందు (ప్రశ్న)

హైదరాబాద్. రాత్రిళ్లు చలి బాగా ఉంది. మూడు వీధికుక్క పిల్లలు, నిన్న రోజంతా దూరం నుంచి చూసినా తల్లి రాలేదు. కళ్లు తెరిచాయి, తూలుతూ నడుస్తున్నాయి, ముందుపళ్లు ఇప్పుడే చిగుళ్లలోంచి తగులుతున్నాయి. వంటింటి కాటా మీద 780, 740, 520 గ్రాములు. ప్యాకెట్ పాలలో సగం నీళ్లు కలిపి సిరంజితో పడితే రెండింటికి నీళ్ల విరేచనాలు. చిన్నది తాగట్లేదు, ఒళ్లు చల్లగా ఉంది. ఏం పట్టాలి, ఎన్నిసార్లు? టీకాలు ఎప్పుడు? ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది.

పాలసీసా (జవాబు)

చిన్నదానికి ఇప్పుడు పాలు పట్టకండి. ముందు వేడి. ఒళ్లు చల్లబడితే పేగులు కదలవు, తాగింది కడుపులోనే పులుస్తుంది, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసనంలో థర్మామీటరు కొన మెల్లగా పెట్టి చూడండి. 95 ఫారన్‌హీట్ దాటేదాకా నోట్లో పాలు పోయొద్దు. చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని గంటా రెండు గంటల్లో మెల్లగా వెచ్చబెట్టండి, హీటరు ముందు పెట్టేయకండి. మరీ నీరసంగా ఉంటే రెండు చుక్కల గ్లూకోజు నీళ్లు చిగుళ్లకు రాయండి. గంటలో తేరుకోకపోతే డాక్టరు దగ్గరకే.

అట్టపెట్టెలో పాత దుప్పటి పరచి, వేడినీళ్ల సీసాను తువాలులో చుట్టి ఒక పక్కనే పెట్టండి. రెండో పక్క చల్లగా ఉండాలి, వేడెక్కితే పిల్లలే అటు జరుగుతాయి. ఈ వయసుకి పెట్టెలో 26, 27 డిగ్రీల సెల్సియస్ చాలు. సీసా రెండు గంటల్లో చల్లారుతుంది, చల్లారిన సీసా పిల్ల ఒంట్లో వేడిని లాగేస్తుంది, కాబట్టి రాత్రి కూడా మారుస్తుండాలి. పిల్లలే చెబుతాయి: కుప్పగా పడి గట్టిగా అరుస్తుంటే చలి, మూలకొకటి పోయి రొప్పుతుంటే వేడి ఎక్కువ, ఒకదాని మీద ఒకటి కాళ్లేసుకుని నిద్రపోతుంటే సరిపోయింది.

ఇక పాలు. కుక్క పాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవు పాలకంటే రెట్టింపు పైనే. సగం నీళ్లు కలిపితే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆకలి తీరక ఎక్కువ తాగితే లాక్టోజు ఎక్కువై విరేచనాలు. కుక్కపిల్లల పాలపొడే తెచ్చుకోండి, పెట్ షాపుల్లో రాయల్ కానిన్ బేబీడాగ్ మిల్క్ లాంటివి దొరుకుతాయి. డబ్బా మీది కొలతకి మించి చిక్కగా కలపొద్దు. మొదటి రోజు మాత్రం కాస్త పలచగా ఇవ్వండి.

లెక్క: రోజుకి ప్రతి 100 గ్రాముల బరువుకి సుమారు 18 మిల్లీలీటర్లు. 740 గ్రాముల పిల్లకి 130 చిల్లర, అంటే ఐదుసార్లుగా 26 చొప్పున. 520 గ్రాముల దానికి 94, ఆరుసార్లుగా 15, 16 చొప్పున. ఒక పూటకి 100 గ్రాములకి 4 మిల్లీలీటర్లు దాటొద్దు, పొట్ట అంతే. రోజూ ఒకే వేళకి తూచి రాసిపెట్టుకోండి. ఏదైనా రెండు రోజులు బరువు పెరగకపోతే అక్కడ ఏదో తేడా ఉంది.

సిరంజి పక్కన పెట్టి పాలపీక సీసా వాడండి. బోర్లిస్తే చుక్కచుక్కగా రావాలి, ధారగా కాదు. చంటిపిల్లలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టడమే పెద్ద తప్పు. బోర్లా, తల కొంచెం పైకి. తాగాక తడి దూదితో కింద మెల్లగా తుడవండి, మూత్రం, మలం రాకపోతే అదే దారి. ఇంకో వారంలో ఆ అవసరం ఉండదు.

నల్లమచ్చ

పైదంతా సరే. నా వంతు పురుగులు. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకి వచ్చేస్తాయి, ఇంట్లో శుభ్రంగా పెంచినా ఉంటాయి. వెన్నెముక పొడుచుకొచ్చి పొట్ట మాత్రం కుండలా ఉంటే అదే. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకి మందు. మీవాటికి మొదటిది దాటిపోయింది కాబట్టి ఇప్పుడే వేయించండి. పైరాంటెల్ సిరప్ బరువును బట్టి వేస్తారు, ఇంట్లో ఉన్న పిల్లల మందు అంచనాగా పోయొద్దు. మర్నాడు సేమ్యాల్లాంటివి పడితే కంగారుపడకండి. ఆ మలంలోని గుడ్లు పాప చేతుల ద్వారా నోట్లోకి వెళ్లగలవు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలు, మూడు నాలుగు వారాలకొకటి, పదహారు వారాలు నిండేదాకా. మధ్యలో ఆపొద్దు: తల్లినుంచి వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో పిల్లకో తీరు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. టీకాలన్నీ అయ్యేదాకా వేరే కుక్కలతో కలపొద్దు, రోడ్డు మీద దింపొద్దు. ప్రాణం తీసే విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి నమ్మకంగా చావదు. ముందు మలం, మూత్రం బాగా కడిగేసి, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. బ్లీచ్‌లో ఇంకేదీ కలపొద్దు, ఘాటు గ్యాసు వస్తుంది.

ఈ కాలంలో ఇలాంటి ప్రశ్నలు పెరగడం మామూలే. కార్తీకంలో జతకట్టినవి 63 రోజులకి పిల్లల్ని పెడతాయి, సంక్రాంతి చలికి సరిగ్గా చిక్కుతాయి.

గుమ్మంముందు

చిన్నది వెచ్చబడి 12 మిల్లీలీటర్లు తాగింది. ఆ తర్వాత ముక్కులోంచి పాల బుడగలు వచ్చాయి. ప్రమాదమా?

పాలసీసా

పీక రంధ్రం పెద్దదై ఉంటుంది. అలా అయిన వెంటనే తల కిందికి వంచి ముక్కు, నోరు తుడిచి ఆపేయాలి. వచ్చే పూట కొత్త పీకతో, ఇంకా నెమ్మదిగా. ఒకటి రెండు రోజుల్లో దగ్గు, ఎగశ్వాస, తాగనని మొరాయించడం కనిపిస్తే న్యుమోనియా కావచ్చు, అది ఇంటి వైద్యంతో తగ్గదు.

చెప్పులజత

వారం తర్వాత సంగతి నేను చెబుతాను. ఒక వంతు స్టార్టర్ తిండికి (కుక్కపిల్లలకి మొదట పెట్టే పొడి తిండి) మూడు వంతుల గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టి, జావలా మెత్తగా చిదిమి, అంచు తక్కువున్న స్టీలు పళ్లెంలో పెట్టండి. మొదటి రోజు తినడం కంటే అందులో నడవడమే ఎక్కువ. మూడూ చెవులదాకా పూసుకుని, ఒకదాన్నొకటి నాకుతాయి. తిండయ్యాక వెచ్చటి తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టకపోతే మళ్లీ చలి కథే. పాలన్నం, ఉల్లిపాయ, ఉప్పుకారం వేసినవి, వండిన ఎముకలు వద్దు. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం ఐదో వారం నుంచి కొంచెం కొంచెంగా.

పడకకి దూరంగా పాత పేపర్లు పరవండి. నిద్ర లేచిన వెంటనే, తిన్న పది నిమిషాలకి ఎత్తి అక్కడ దింపండి. తడిసిన పేపరు ముక్కొకటి కొత్తవాటి కింద వదిలితే ఆ వాసనకే వెళ్తాయి. తప్పుచోట పోస్తే ముక్కు రుద్దడం వల్ల వచ్చేది భయమే, అలవాటు కాదు. ఛార్జర్ వైర్లు పైకి, చెప్పులు అలమరలోకి. కోపం వచ్చేది కుక్క మీద, తప్పు చెప్పులు వదిలినవాళ్లది.

ఎనిమిది వారాలలోపు మూడింటినీ విడదీసి ఇచ్చేయకండి. ఎంత గట్టిగా కొరికితే తోడుది కెవ్వుమంటుందో అప్పుడే నేర్చుకుంటాయి. పాప పెద్దవాళ్లు పక్కనుంటేనే, నేల మీద కూర్చుని ఆడాలి. తల్లి ఎవరో తెలియదు కాబట్టి పిల్ల కొరికినా, రక్తం రాకుండా గోరు గీసుకున్నా సరే, పారే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా వేయించండి, రక్తం వస్తే రేబిస్ సీరం కూడా అడగండి. అక్కడ ఉచితం, కుక్కపిల్లే కదా అని వదిలేయొద్దు.