సమస్యాపూరణం: పాట పుట్టిన దినమందె పాట గిట్టె

పృచ్ఛకుడు, పర్లాకిమిడి:
ఈ వారం సమస్య తేటగీతి (నాలుగు పాదాల తెలుగు పద్యం) పాదం. ఇదే ఆఖరి పాదంగా పైన మూడు పాదాలు మీరు కట్టి, పొసగని ఈ మాటకి అర్థం కుదర్చాలి.

పాట పుట్టిన దినమందె పాట గిట్టె

జనం నోళ్లలో నానిన పాటే కావాలి, సినిమాదైనా సరే, బయటిదైనా సరే. తేదీ మాత్రం నిజమైనదై ఉండాలి. ఒడిశా తెలుగువాళ్లం, నాలుగు భాషల రేడియో విని పెరిగినవాళ్లం. కనక ఏ భాష నుంచి ఎత్తుకొచ్చినా అడ్డు లేదు.

కోరాపుట్టు కొండగాలి:
మాస్టార్లందరికీ దండాలు. నేను పట్టుకున్న రోజు ఫిబ్రవరి 11.

నలువు రాంగ్లేయు లొకనాడు నవ్యరీతి
పాడి రేకాహమున పది పాటలచట
ఘంటసాలయు నా తేదె కన్ను మూసె
పాట పుట్టిన దినమందె పాట గిట్టె

నలువురంటే బీటిల్స్ అనే ఇంగ్లీషు పాటల బృందం. 1963 ఫిబ్రవరి 11న లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో పొద్దున పదింటికి మొదలుపెట్టి, రాత్రి పదిన్నర దాటేదాకా పాడారు. వాళ్ల మొదటి ఎల్పీలో 14 పాటలుంటే 10 ఆ ఒక్క రోజున పాడినవే. మిగతా నాలుగూ అంతకు ముందే విడి రికార్డులుగా వచ్చేసినవి. జాన్ లెనన్‌కి ఆ రోజు జలుబు. గొంతు చించుకుని పాడాల్సిన పాటను అందుకే ఆఖరికి అట్టేపెట్టారు. ఆ బొంగురే ఆ పాటకి పేరు తెచ్చింది. ఘంటసాల గారు మద్రాసులో పోయింది 1974 ఫిబ్రవరి 11న.

గుణుపురం మాస్టారు:
గణాలు (గురులఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) శుభ్రం. మూడో పాదంలో ఘకారానికి కకారం వర్గయతి, చక్కగా కుదిరింది. అయితే బాబూ, పద్యం ఒక్కటే చదివినవాడికి ఇద్దరిదీ ఒకే సంవత్సరం అనిపిస్తుంది. నడుమ 11 ఏళ్లు ఉన్నాయని నీ వివరణ చెబుతోంది, పద్యం చెప్పడం లేదు. ఇంకోటి. ‘పాడి రేకాహమున’ అని సంస్కృతం పట్టుకొచ్చి, పక్కనే ‘అచట’ అని ఊరుకున్నావు. ఎచట? లండన్ పేరైనా తగలాలి కదా.

కోరాపుట్టు కొండగాలి:
ఊరి పేరుకి గణం దొరకలేదండీ మాస్టారూ. ఘంటసాల మీద మాత్రం మా వైపు వాళ్లకి కొంచెం హక్కుందండి. విజయనగరంలో మాధుకరం (ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకోవడం) ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్నారు కదా, అప్పుడు చేరదీసిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారిది సాలూరు. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కితే మా కోరాపుట్టే.

బరంపురం పట్టుపంచె:
సంవత్సరాల పేచీ నేను పద్యంలోనే తీర్చేస్తాను. డిసెంబరు 24.

పంచనదుల నేలను రఫీ ప్రభవమందె
భానుమతి యదే నాడున పాట విడిచె
ఏండ్ల నెంచకు తేదినే యెంచి చూడు
పాట పుట్టిన దినమందె పాట గిట్టె

మహమ్మద్ రఫీ 1924లో పంజాబులో పుట్టాడు. భానుమతి గారు 2005లో చెన్నైలో పోయారు. ఇద్దరివీ డిసెంబరు 24లే.

పృచ్ఛకుడు, పర్లాకిమిడి:
మూడో పాదం గడుసుగా వచ్చింది. మాస్టారి ఆక్షేపణకి జవాబు పద్యం లోపలే దొరికింది. భానుమతి ‘పాట విడిచె’ అనడం నాకు మరీ నచ్చింది. తన పాటలు తానే పాడుకున్న తార ఆమె, ఆమె పోతే నటనతో పాటు గొంతూ పోయినట్టే. రఫీ మనకేమీ పరాయివాడు కాడు. 1969లో ‘భలే తమ్ముడు’లో ఎన్టీఆర్‌కి పాడినవాడే. ఆ సంగతి ఒక్క మాటలో దూరి ఉంటే ఈ రెండు పేర్లు తేదీ వల్ల మాత్రమే కలిశాయన్న వెలితి ఉండేది కాదు.

జయపురం కుర్రాడు:
నాది అక్టోబరు 13. 1911లో అశోక్ కుమార్ పుట్టింది, 1987లో ఆయన తమ్ముడు, ఖండ్వాలో పుట్టిన గాయకుడు కిశోర్ కుమార్ పోయింది ఆ రోజునే.

అన్న జన్మదినమ్మున తమ్ముడేగె
గళము నాపె కిశోరుడు ఖండ్వ పికము
వేడుకేల యా యింటికి వెలుగులేల
పాట పుట్టిన దినమందె పాట గిట్టె

గుణుపురం మాస్టారు:
మొదటి పాదంలో యతి పోయింది నాయనా. ‘అన్న’తో మొదలుపెట్టి నాలుగో గణంలో ‘తమ్ము’ వేస్తే అకారానికి తకారం ఎలా కుదురుతుంది? ప్రాసయతి (మొదటి అక్షరాలకి బదులు రెండో అక్షరాలు కలపడం) వేసుకో, తేటగీతిలో చెల్లుతుంది. ‘అన్న’లో న్నకారం ఉంది కనక నాలుగో గణంలోనూ గురువు తర్వాత న్నకారమే తే:

అన్న జన్మదినమ్మున చిన్నవాడు

అప్పుడు ‘చిన్నవాడు గళము నాపె’ అని రెండో పాదంలోకి వాక్యం సాఫీగా జారుతుంది. ‘ఏగె’, ‘ఆపె’ అని రెండు క్రియలు కొట్టుకోవు.

బరంపురం పట్టుపంచె:
యతి సరే, అశోక్ కుమార్ నటుడు కదా? ‘పాట పుట్టిన’ అని ఆయన్ని ఎలా అంటాం?

జయపురం కుర్రాడు:
1936లో బాంబే టాకీస్ వాళ్ల ‘అఛూత్ కన్య’లో దేవికారాణితో కలిసి తన పాటలు తానే పాడాడండి. అప్పటికి తెర వెనక గొంతు అరువిచ్చే పద్ధతి ఇంకా స్థిరపడలేదు.

పృచ్ఛకుడు, పర్లాకిమిడి:
సరిపెట్టుకోవచ్చు, కాస్త ఇరుకుగా. ఈ మూడిటిలో ఏడుపు నిజంగా తగిలింది మాత్రం ఇక్కడే. మిగతా రెండూ క్యాలెండరు కలిపిన జంటలు, ఇది ఒక తల్లి కడుపున పుట్టిన జంట. ‘వేడుకేల యా యింటికి’ అన్న చోట తేదీ ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

కోరాపుట్టు కొండగాలి:
నవ్వుకోడానికి ఇంకొకటి. దీని తేదీ మా చిన్నాన్న కూతురి పెళ్లి తేదీ, శుభలేఖ చూపించమన్నా చూపిస్తాను.

పెండ్లి పందిట నా పాట పెట్టినంత
డీజె వారలు హోరెత్త ఢిల్లి దాక
ఉదయమల్లితి సాయంత్ర ముడిగె నదియు
పాట పుట్టిన దినమందె పాట గిట్టె

గుణుపురం మాస్టారు:
ఓరి నీ! మూడో పాదంలో ‘ము’ చూసి ఎర్రసిరా తీయబోయాను. ‘సాయంత్రము’, ‘ఉడిగె’ అని విడదీస్తే ఉకారానికి ఉకారం, స్వరయతి చెల్లింది. జనం నోళ్లలో నానిన పాటే కావాలన్నారు కదా, నీ పాట నీ నోరు దాటిందా?

పృచ్ఛకుడు, పర్లాకిమిడి:
పోటీలోకి తీసుకోను. కానీ తీసెయ్యను కూడా.

అందరి పూరణలూ చూశాక మనసులో మాట చెప్పాలి. పుట్టుకలూ చావులూ వెతికి జత కట్టడంలో అందరూ ఆరితేరారు. మా ఊరి గోపాలకృష్ణ పట్టనాయక్ పదాలు ఇవాళ్టికీ ఒడిస్సీ కచేరీల్లో పాడుతున్నారు. వాటిలో ఏ పదం ఏ రోజున పుట్టిందో ఏ క్యాలెండరూ చెప్పదు. పాటకి పుట్టినరోజు రాసిపెట్టడం రికార్డింగు వచ్చాక పట్టుకున్న అలవాటు. అది పట్టుకుని ఆడుకోవచ్చు, తప్పులేదు. కానీ సమస్య ఇచ్చేది విరుద్ధమైన మాటను విడగొట్టమని. మీరంతా ‘పాట గిట్టె’ అన్నదాన్ని ఒప్పేసుకుని రుజువులు తెచ్చారు. ఎవరూ ఎదురు తిరగలేదేం?

రాయగడ కోడలు:
తిరుగుతున్నానండి. మొదటి పద్యం చదివినప్పటి నుంచీ ఇదే నా బాధ. కొండగాలి తమ్ముడూ, ఏమీ అనుకోకు. ఘంటసాల గారి భగవద్గీత రికార్డు బజారుకొచ్చింది ఆయన పోయిన తర్వాత. మా రాయగడలో తెలుగు వాళ్లింట ఎవరు పోయినా మొదట వినిపించే గొంతు ఆయనదే. మా మామగారు పోయినప్పుడు పక్కింటి ఒరియా ఆయన ఆ గొంతు విన్నాకే విషయం గ్రహించి, చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికొచ్చాడు.

ఇంటియింటను గీతయై యిప్పుడుండ
ఘంటసాలను గూర్చి యీ కల్లయేల
మరల నెన్నడు ననబోకు మాట యిట్లు
‘పాట పుట్టిన దినమందె పాట గిట్టె’

గుణుపురం మాస్టారు:
అమ్మా, సమస్యని కొటేషన్లో పెట్టి అవతలివాడి నోట్లో పెట్టేశావు. అవధానాల్లో పాత ఎత్తే, అందుకని కొందరు మార్కులు తగ్గిస్తారు. నేను తగ్గించను. రెండో పాదం చివర ‘కల్లయేల’ అని నిలదీసిన తీరు బావుంది. మూడో పాదంలో ‘మరల’, ‘ఎన్నడు’ రెండూ అక్కర్లేదు, గణం కోసం ఒకటి వచ్చి కూర్చుంది.

కోరాపుట్టు కొండగాలి:
అక్కా, నా పద్యానికి జవాబుగా దీన్ని కిందే ఉంచండి. రెండూ కలిపి చదివితేనే బాగుంటుంది.

పృచ్ఛకుడు, పర్లాకిమిడి:
ఈ వారం వీరతాడు రాయగడకి. సవరించిన మొదటి పాదంతో జయపురం కుర్రాడిది రెండోది. వచ్చే వారం సమస్య ఇదీ, తేటగీతే:

వినని చెవులకె తొలిపాట వినగ వచ్చె

పూరణలు శనివారం రాత్రి లోపు పంపండి. ఈసారి తేదీల గొడవ లేదు.